ఆరింటికి వస్తామన్నది నేనే

ఒక్క సాయంత్రం, ఒక్క మాటతో, పద్ధెనిమిది మంది పిల్లల్ని అబద్ధాలకోరుల్ని చేసి, ఒక పెద్దావిడ చేత యాభై నాలుగు అన్నం ముద్దలు కట్టించి, ఏ పాపం ఎరగని ఒక ఆడపిల్ల జపాన్ ప్రయాణానికి గండి కొట్టబోయిన ఘనుణ్ణి మీరు ఇంతవరకు చూసి ఉండకపోతే ఇప్పుడు చూడండి. నేనే. పేరు దేవదానం. వయసు నలభై తొమ్మిది. ఊరు సికింద్రాబాద్. వృత్తి ఉపాధ్యాయుడు. నేరం కింద వివరించబడును.

అప్పటికి నాకు ముప్పై అయిదు దాటాయి. లాలాగూడ దగ్గర ఒక స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. పక్క వీధి స్కూలు వాళ్ళు ఫ్రెంచి మొదలుపెట్టారు. వాళ్ళ ఎదురు స్కూలు వాళ్ళు జర్మన్ అని బోర్డు కట్టారు. ఆ బోర్డు చూసిన దగ్గర్నుంచి మా ప్రిన్సిపాల్ గ్రేస్ మేడమ్‌కు అన్నం సహించలేదు. సోమవారం పొద్దున్నే స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి నిలబడ్డారు.

“మనలో ఎవరికైనా వరల్డ్ లాంగ్వేజ్ ఏదైనా వచ్చా?”

హిందీ టీచర్ సందేహంగా, “హిందీ కూడా వరల్డ్‌లోదే కదా మేడమ్?” అంది.

“వేరే వరల్డ్‌ది కావాలమ్మా.”

అప్పుడు నేను చెయ్యెత్తాను. పాఠకులారా, ఆ చేతిని అప్పుడే ఎవరైనా పట్టుకుని కిందికి దించి ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.

“జపనీస్ మేడమ్. సర్టిఫికెట్ ఉంది.”

ఉంది, నిజమే. ఆరు నెలల కోర్సు. అందులో నేను వెళ్ళింది నాలుగు నెలలు. విన్నది రెండు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. నేను చెట్టును కూడా కాను, ఆముదం గింజని. కానీ ఊగడం మాత్రం మహావృక్షంలాగే ఊగాను.

గ్రేస్ మేడమ్ ఎక్కడో సెమినార్‌కు వెళ్ళి వచ్చి ఒక సూత్రం పట్టుకొచ్చారు. “దేవదానం గారూ, భాషను గ్రామర్‌తో నేర్పకూడదట. కల్చర్‌తో నేర్పాలట.” ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే నా దగ్గర గ్రామర్ బొత్తిగా లేదు. కల్చర్ అంటారా, అది ఎవరిదైనా మాట్లాడగలను.

పైగా నాకో సొంత సిద్ధాంతం ఉండేది. జపనీస్ మన తెలుగుకు మేనత్త కూతురు లాంటిదని. మనలాగే వాళ్ళకూ క్రియ వాక్యం చివర్లో వస్తుంది. మనం పేరు చివర ‘గారు’ తగిలిస్తాం, వాళ్ళు ‘సాన్’ తగిలిస్తారు. మనమూ చెప్పులు బయట విడుస్తాం, వాళ్ళూ విడుస్తారు. అందుచేత జపాన్ సంస్కృతి తెలియాలంటే జపాన్ దాకా పోనక్కర్లేదు, మన ఇంట్లో ఏం చేస్తామో అది చేసి, మాట మాత్రం మారిస్తే చాలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నవాణ్ణి మీరు ఎరుగుదురు. నేను ఆ కుందేలుకు కిమోనో కూడా కట్టాను.

ఎనిమిదో తరగతిలో పద్ధెనిమిది మంది జపనీస్ తీసుకున్నారు. మొదటి వారం సంస్కృతి కింద బూట్లు క్లాసు బయట విప్పించాను. గంట కొట్టాక ముప్పై ఆరు నల్ల బూట్లు, అన్నీ ఒకే కంపెనీవి, ఒకే కుప్పలో కలిసిపోయాయి. ఇద్దరు పిల్లలు రెండు ఎడమ కాలి బూట్లు వేసుకుని ఇళ్ళకు వెళ్ళారు. రెండో వారం వంగి నమస్కరించడం నేర్పాను. కారిడార్‌లో పద్ధెనిమిది మంది నడుములు వంచడం చూసి పీఈటీ సార్ నా దగ్గరకొచ్చి, “నా పీరియడ్ మీరు తీసుకుంటున్నరా ఏంది?” అని అడిగాడు.

ఇంత గందరగోళంలోనూ నిజంగా భాష నేర్చుకున్న పిల్ల ఒకతి ఉంది. కెజియా. మౌలాలి నుంచి వచ్చేది, రెండు జడలు, గట్టి గొంతు. వాళ్ళ నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆ పిల్ల వంటింట్లో డబ్బాలన్నిటి మీద జపనీస్ అక్షరాలతో పేర్లు రాసి అంటించింది. వాళ్ళమ్మ ఒకరోజు ఉప్మాలో ఉప్పుకు బదులు సోడా వేసి, మర్నాడు స్కూలుకొచ్చి నాతో, “సార్, జెర ఉప్పు అక్షరమన్నా నాకు నేర్పుండ్రి” అని మొత్తుకుంది.

ఆ ఏడాది జపాన్‌లోని ఒక స్కూలు మాకు ఉత్తరం రాసింది. ఎనిమిదో తరగతి నుంచి ఒక్కరిని పంపండి, పది రోజులు మా పిల్లల ఇళ్ళలో ఉంచుకుంటాం, ఖర్చంతా మాదే అని. ఒకటే షరతు. ఆ పిల్లకు భాషా మర్యాదా తెలుసునని, ఆమెను స్వయంగా చూసిన ఒక జపాన్ మనిషి ఉత్తరం ఇవ్వాలి. మేడమ్ లిస్టులో కెజియా పేరు రాశారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల నేల మీద నడవడం మానేసింది. వాళ్ళ నాన్న పాస్‌పోర్టు ఫోటోల కోసం ఆ పిల్లకు కొత్త రిబ్బన్లు కొన్నాడు. మొత్తం వర్క్‌షాప్‌కు చెప్పేశాడు.

సికింద్రాబాద్‌లో జపాన్ మనిషిని ఎక్కడ తేవాలి? దేవుడి దయ వల్ల ఈస్ట్ మారేడ్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో హరూకో గారు దొరికారు. అరవై ఏళ్ళావిడ. భర్త ఇంజినీరు, ఏదో ప్రాజెక్టు మీద వచ్చి ఉన్నారు. గ్రేస్ మేడమ్ ఫోన్ చేస్తే, “పిల్లల్ని తీసుకురండి, చూస్తాను” అన్నారు. గురువారం మధ్యాహ్నం మూడున్నరకు ముహూర్తం.

బుధవారం క్లాసులో నేను మర్యాదల పాఠం పెట్టాను.

“పిల్లలూ, మనం ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు ఏమంటాం? ‘పోతున్నా’ అంటామా?”

“అనొద్దు సార్. నానమ్మ కొడ్తది” అని నాలుగు గొంతులు.

“కదా! ‘వెళ్ళొస్తా’ అంటాం. జపాన్ వాళ్ళకూ సరిగ్గా అదే ఆచారం. ‘ఇత్తెకిమాస్’ అంటారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమాస్’ అంటే వస్తాను. చూశారా, అక్షరం పొల్లు పోలేదు! ప్రపంచంలో మనకూ వాళ్ళకూ తప్ప ఇంకెవరికి తట్టిందర్రా ఈ సంస్కారం?”

వెనక బెంచీలోంచి ఒక గొంతు, “ఇత్తే కీమా ఇయ్యాలె సార్, లేకుంటే ఊకోవాలె” అంది. క్లాసంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. గుర్తుండటానికి అంతకంటే మంచి మార్గం లేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ క్లాసు పిల్లలెవరూ ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయినా బాగుండేది.

కెజియా చెయ్యెత్తింది. “సార్, పుస్తకం ఎనక చిన్న అక్షరాలల్ల ఒకటి రాసుంది. ఇది మన ఇంట్లకెల్లి పోయేటప్పుడే అంటరంట. వేరేటోళ్ళ ఇంటికి పోతే ఇంకేదో అనాలంట.”

అప్పుడు నేను చేయాల్సిన పని ఏమిటి? పుస్తకం తెరిచి ఆ చిన్న అక్షరాలు చదవడం. చేసిన పని ఏమిటి? కళ్ళజోడు తీసి తుడుచుకుని, చిరునవ్వు నవ్వడం.

“చూడమ్మా కెజియా. మన ఇల్లు, వాళ్ళ ఇల్లు అని తేడా పెట్టడం సంకుచితత్వం. వసుధైక కుటుంబం అన్నారు పెద్దలు.”

పిల్ల నోరు మూసుకుంది. పెద్దల్ని అడ్డం పెట్టుకుంటే పిల్లలు నోరు మూసుకోక ఏం చేస్తారు?

గురువారం వచ్చింది. హరూకో గారి గుమ్మం ముందు బూట్లు వరసగా పెట్టాం. ఈసారి తాళ్ళతో జతలు కట్టించాను, అనుభవం మరి. ఆవిడ సన్నగా, తెల్లగా, మడత నలగని చీటీలా ఉన్నారు. పిల్లలకు ఉత్సాహం రావాలని జపనీస్‌లోనే మాట్లాడారు. పక్కన సాయం చేసే యాదమ్మ అని మనిషి ఉంది. టీ, బిస్కెట్లు, కాగితం కొంగలు. పిల్లలు రెండు పాటలు పాడారు. కెజియా తన ఇంటి గురించి ఏడు వాక్యాలు చెప్పింది. ఉప్మాలో సోడా సంగతి కూడా చెప్పినట్టుంది, ఎందుకంటే హరూకో గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ ఏడు వాక్యాల్లో మూడు అర్థమయ్యాయి. కానీ గురువును కదా, ఏడింటికీ తల ఊపాను.

నాలుగున్నరకు లేచాం. తలుపు దగ్గర నేను కళ్ళతో సైగ చేశాను. పద్ధెనిమిది మంది ఒక్కసారిగా నడుములు వంచి, అపార్ట్‌మెంట్ దద్దరిల్లేలా, “ఇత్తెకిమాస్!” అన్నారు.

హరూకో గారు ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత ఆవిడ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. ఏదో బదులు చెప్పి, ముందున్న కెజియాను ఒక ప్రశ్న అడిగారు. అందులో నాకు రెండు ముక్కలు తెలిశాయి. ‘నాన్‌జి’ అంటే ఎన్ని గంటలకు. ‘కయెరు’ అంటే ఇంటికి చేరడం.

నాకు క్షణంలో అర్థమైపోయింది. పిల్లలు ఇళ్ళకు ఎన్నింటికి చేరతారు అని అడుగుతోంది మహాతల్లి, ఎంత ప్రేమ! మౌలాలి పిల్లలకు బస్సు దొరికేసరికి ఆరవుతుంది. కెజియా వెనక్కి తిరిగి నా వైపు అనుమానంగా చూసింది. నేను పళ్ళ మధ్య నుంచి, “రొకుజి అని చెప్పు. ఆరు. రొకుజి!” అన్నాను.

“సార్, ఆమె అడిగేది...”

“చెప్పమన్నానా!”

“రొకుజి దెస్” అంది కెజియా. ఆరు గంటలకండీ, అని.

హరూకో గారు చప్పట్లు కొట్టి ఎంతో సంబరపడ్డారు. యాదమ్మకు ఆరు వేళ్ళు చూపించారు. నేను మెట్లు దిగుతూ, ‘పని అయిపోయింది, ఉత్తరం మన జేబులో ఉన్నట్టే’ అనుకున్నాను. మోండా మార్కెట్ దాకా వెళ్ళి, ఆ ఆనందంలో ఇంటికి కూరగాయలు కూడా కొన్నాను.

శుక్రవారం ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసులకు కదులుతుండగా, గేటు దగ్గర గొడవ. యాదమ్మ. నెత్తి మీద పెద్ద స్టీలు గిన్నె, దాని మీద తెల్లటి గుడ్డ.

“ఏడున్నడయ్యా ఆ జపాన్ సారు?”

గ్రేస్ మేడమ్ ముందుకొచ్చారు. “ఏమైందమ్మా?”

“ఏం గావాలె మేడం? నిన్న పిల్లలు రాకపోతిరి? ఆరింటికి మల్ల వస్తమని అమ్మకు చెప్పి పోకపోతిరి? ఏందీ గిట్ల చేసుడు? పద్ధెనిమిది మందికి, మనిషికి మూడు లెక్కన, అమ్మ నేను కూసోని సద్ది ముద్దలు కడితిమి, కడితిమి, నా చేతులు పండిపోయినయ్. ముద్దకు ముద్దకు ఆ తినేటి నల్ల కాయితం సుత చుట్టినం. ఆరాయె, ఏడాయె. అమ్మ తలుపు బార్లా తెరిచి కుర్చీ ఏసుకొని కూసున్నది. లిఫ్ట్ చప్పుడైతే చాలు, లేచి నిలబడుడు. ఎవరో పాలాయన వస్తే ఆయనకు సుత వంగి దండం పెట్టింది. ఎనిమిదాయె. ఒక్క పోరడు రాలె, ఒక్క పోరి రాలె. అమ్మ ఏమన్లే. గిన్నె మీద గుడ్డ కప్పింది. గంతే.”

అప్పుడు నాకు ఎలా ఉందో చెప్పమంటారా? కదులుతున్న రైలు ఎక్కాక అది కాచిగూడ వైపు కాదు కాజీపేట వైపు పోతోందని తెలిసినవాడి గుండె ఎలా ఉంటుంది? అలా ఉంది. ‘వెళ్ళొస్తాం’ అంటే మనకు సెలవు తీసుకోవడం. వాళ్ళకు నిజంగా వెళ్ళి, నిజంగా రావడం! ఇల్లు తనదైనట్టు పద్ధెనిమిది మంది పిల్లలు ‘బయటికెళ్ళి వస్తాం’ అంటే, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే ఆవిడ ‘ఎన్నింటికొస్తారు నాయనా’ అని అడిగింది. మేం ఆరింటికన్నాం. ఆవిడ వంట చేసింది. ఇంతే జరిగింది.

గ్రేస్ మేడమ్ ముఖం ఎర్రబడింది. “ఆరింటికి వస్తామని ఎవరన్నారు?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. వాడు నాకంటే నిజాయితీపరుడు. నేను భుజాల జోలికి పోలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వేపచెట్టు వైపు చూశాను.

యాదమ్మ వేలు చూపించింది. “అగో, ఆ రెండు జడల పిల్ల.”

“కెజియా, నువ్వు అన్నావా?”

కెజియా నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మోస్తున్నాను. అందులో కోపం లేదు. ‘సార్ చెప్తారు కదా, సార్ చెప్పేదాకా ఆగుదాం’ అన్న నమ్మకం ఉంది. నేను వేపచెట్టులో కాకుల్ని లెక్కపెడుతున్నాను. నమ్మకం కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుంది.

“అన్న మేడం” అంది కెజియా.

“మర్యాద తెలుసని ఉత్తరం కోసం వెళ్ళి, పెద్దావిడకు మాటిచ్చి తప్పి వస్తావా? ఇంక ఆవిడ ఉత్తరం ఇస్తుందా? ఇచ్చినా నేను పంపిస్తానా? నీ పేరు లిస్టులోంచి తీసేస్తున్నాను.”

పేతురు కోడి కూసేలోపు మూడుసార్లు బొంకాడని ఆదివారం బళ్ళో పిల్లలకు చెప్పేవాణ్ణి. పాపం పేతురు, మూడుసార్లు నోరు తెరిచి కష్టపడ్డాడు. నేను ఒక్కసారి కూడా నోరు తెరవకుండానే పని ముగించాను.

మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని పుస్తకం వెనక చిన్న అక్షరాలు చదివాను. కళ్ళజోడు పెట్టుకునే చదివాను. వేరేవాళ్ళ ఇంటి నుంచి వచ్చేటప్పుడు ‘ఒజమ షిమాషిత’ అనాలట. ‘మీకు శ్రమ ఇచ్చాం’ అని అర్థం. శ్రమ ఇచ్చాం! యాభై నాలుగు ముద్దల శ్రమ! ఆ ఒక్కటి తప్ప అన్నీ అన్నాం.

కెజియా వచ్చి బల్ల ఎదురుగా నిలబడింది. నేను తల ఎత్తకుండానే, “నేను మేడమ్‌కు చెప్తానమ్మా” అన్నాను.

“ఎప్పుడు సార్?”

“చెప్తా... సమయం చూసి...”

“గది తర్వాత సంగతి సార్. ముందుగాల ఆమె దగ్గరికి పోవాలె గదా.”

“పోయి ఏం చెప్తాం? ‘సారీ’యా?”

“సారీ కాదు సార్. పోయొస్తమని అన్నం. పోయినం. ఇగ రావాలె. రాలేదు గాబట్టే అది అబద్ధమైంది. ఇయ్యాల పోతే లేటయితది, గంతే. అబద్ధం కాదు.”

పద్నాలుగేళ్ళు నిండని పిల్ల. నాకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థలో ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

సాయంత్రం అమ్మానాన్నలకు ఫోన్లు చేసి ఒప్పించి, పద్ధెనిమిది మందినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. గుమ్మం ముందుకు చేరేసరికి సరిగ్గా ఆరు. నిన్నటి ఆరు కాదు, ఇవాళ్టి ఆరు. గంట నొక్కాను. దారి పొడవునా జపనీస్‌లో ఒక క్షమాపణ వాక్యం బట్టీ పట్టాను. ‘తప్పు నాది’ అనే చిన్న వాక్యం.

తలుపు తెరుచుకుంది. హరూకో గారు నన్ను చూశారు. ఆవిడ నవ్వారు గానీ అది మర్యాద నవ్వు, అద్దాల బీరువాలో పెట్టిన కప్పులాంటిది. నేను నడుము విరిగేలా వంగి, “వతషి వ మచిగై దెస్!” అన్నాను.

వెనక నుంచి కెజియా గుసగుసగా, “‘వ’ కాదు సార్. ‘నో’ అనాలె” అంది.

“ఇప్పుడు నేనేమన్నాను?”

“‘తప్పు నాది’ కాదు సార్. ‘నేనే ఒక తప్పు’ అన్నరు.”

“సరేలే. రెండూ నిజమే.”

అప్పుడు కెజియా నా పక్క నుంచి ముందుకొచ్చి, బూట్లు విప్పి, గుమ్మంలో నిలబడి, ఒక్క మాట అంది. “తదైమ.” నాకు తెలియని మాట. తర్వాత చెప్పింది, బయటికి వెళ్ళిన ఇంటిమనిషి తిరిగొచ్చి గడప దాటేటప్పుడు ‘వచ్చేశా’ అని చెప్పే మాట అట. ఆమె వెనకే పదిహేడు గొంతులు, ఎవరికి వచ్చినట్టు వాళ్ళు, “తదైమ! తదైమ!” అన్నాయి.

హరూకో గారి నవ్వు బీరువాలోంచి బయటికొచ్చింది. ఏదో ఒకే మాట రెండుసార్లు అన్నారు. కొంగు లేదు గనక ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకున్నారు. లోపల్నుంచి యాదమ్మ అరిచింది: “ఇయ్యాల వచ్చిండ్రా! ముద్దలు పొద్దుగాలనే మీ బడికి తెచ్చిస్తి గదా. కూసోండ్రి, ఉప్మా చేస్త!”

ఆ ఉప్మా తింటూ నేను ఉన్నదంతా కక్కాను. నా జపనీస్, నా ఇంగ్లీషు, కెజియా అనువాదం, యాదమ్మ వ్యాఖ్యానం కలిసి ఒక గంట పట్టింది. ఆరన్నది నేను. పిల్ల వద్దంటున్నా అనిపించింది నేను. పొద్దున అందరి ముందూ నోరు మూసుకుంది నేను. ఆవిడ అంతా విని, నెమ్మదిగా తల ఊపి, కాగితం తీసి ఉత్తరం రాశారు.

సోమవారం గ్రేస్ మేడమ్ ఆ ఉత్తరం స్టాఫ్ రూమ్‌లో గట్టిగా చదివారు. కెజియాకు భాష వచ్చు, మర్యాద అంతకంటే బాగా వచ్చు, ఆమెనే పంపండి అని ఉంది. తర్వాతి వాక్యంలో నా పేరు వస్తుందని తలుపు వైపు ఒక అడుగు వేశాను. వచ్చిన వాక్యం ఇది: ‘గురువారం నాటి పొరపాటు పూర్తిగా నాదే. నాకు వయసు మీద పడింది, చెవులు సరిగా వినిపించవు. పిల్లలు చెప్పింది ఒకటైతే నేను విన్నది ఇంకొకటి. ఎవరినీ ఏమీ అనవద్దు.’

పాఠకులారా, ఆవిడ చెవులు పాము చెవులు. కింద గేటు తీసిన చప్పుడు బట్టి వచ్చింది ఎవరో చెప్పగలరు. ఒక పిల్ల ప్రయాణం కోసం, ఒక పిరికి మాస్టారి పరువు కోసం, ఆ తల్లి తన రెండు చెవుల్నీ ధారపోసింది.

అప్పుడైనా లేచి నిలబడి నిజం చెప్పానా? “అయ్యో పాపం” అన్నాను. అందరితో పాటు.

కెజియా జపాన్ వెళ్ళింది. వాళ్ళ నాన్న వర్క్‌షాప్ అంతటికీ మిఠాయి పంచాడు. పది రోజులకు తిరిగొచ్చి నా ఉచ్చారణలో పదకొండు తప్పులు పట్టుకుంది. కథ అక్కడ ముగిసి ఉంటే నేను ఈ పాటికి అంతా మర్చిపోయి సుఖంగా ఉండేవాణ్ణి. కానీ హరూకో గారు శనివారాలు మా స్కూలుకొచ్చి తామే పాఠం చెప్తానన్నారు. పన్నెండేళ్ళు చెప్పారు. ఆ పన్నెండేళ్ళూ మా వాళ్ళు ఏం చేశారంటారా?

అరిచారు.

గేటు దగ్గర వాచ్‌మన్ అరిచాడు. ఆయమ్మ అరిచింది. గ్రేస్ మేడమ్ ఆవిడ చెవికి జానెడు దూరంలో నోరు పెట్టి, “టీ తాగుతారా!” అని కేకేస్తే, మౌలాలి గుట్ట మీద పావురాలు లేచిపోయేవి. చెవిటి వాడి ముందు శంఖం ఊదడం అంటే మనకు తెలుసు. చెవులు చక్కగా ఉన్న ఆవిడ ముందు ఇరవై ఇద్దరు టీచర్లు వారానికొకరు చొప్పున శంఖం ఊదారు. ఆవిడ నవ్వుతూ వంగి నమస్కారం పెట్టేవారు. నేను తల వంచుకుని బీరువా వెనక్కి పోయేవాణ్ణి.

పోయినేడు ఆవిడ భర్త పని ముగిసి, ఇద్దరూ జపాన్‌కు తిరుగు ప్రయాణమయ్యారు. వీడ్కోలు సభ పెట్టి, స్టాఫ్ అందరం తలా కొంత వేసుకుని బహుమతి కొన్నాం. మఖ్మల్ పెట్టెలో పెట్టి గ్రేస్ మేడమ్ అందించారు. వినికిడి యంత్రం. చప్పట్లు మోగిపోయాయి. ఆ పెట్టె అందించేటప్పుడు జపనీస్‌లో నాలుగు మాటలు చెప్పమని మైకు నాకిచ్చారు. దేవుడు ఉన్నాడు, ఆయనకు హాస్యం తెలుసు. హరూకో గారు అక్కడికక్కడే దాన్ని చెవికి పెట్టుకుని, మైకు దగ్గరికొచ్చేసరికి అది కీచుమని కూసింది. సభ అంతా చెవులు మూసుకుంది, ఆవిడ తప్ప.

ఈ మధ్య స్కూలు వార్షిక సంచికలో ఒక వ్యాసం వచ్చింది. ‘చెవుడును జయించి చిన్నారులకు భాష నేర్పిన ధీర వనిత’ అని. అది చదివాక నాకు ముద్ద దిగలేదు. మర్నాడే జపాన్‌కు ఫోన్ చేశాను. పన్నెండేళ్ళలో ఆవిడ తెలుగు నేర్చుకున్నారు, కాకపోతే గురువు నేను కాదు, యాదమ్మ.

“హరూకో గారూ, నేను అందరికీ నిజం రాసేస్తాను. మీకు చెవుడు లేదని. తప్పు నాదని.”

“గిప్పుడెందుకు సార్ పరేషాన్?”

“పన్నెండేళ్ళు మీ చెవిలో అరిచారండీ! మీకెంత బాధ!”

“బాధ ఏం లేదు సార్. అరుపులు షురువుల జెర తక్లీఫే. మల్ల అలవాటైంది. గా మిషిన్ అయితే మస్తు మంచిది.”

“మంచిదా? చెవులు బాగున్నవాళ్ళకు దానితో ఏం పని?”

“మీ మేడం నా వీడ్కోలు సభల గంటన్నర మాట్లాడింది గదా? మీరందరు ఊకెనే కూసున్నరు. నేను మిషిన్ తీసి సంచిల ఏసుకున్న. ‘బ్యాటరీ అయిపాయె’ అన్న. ఎనక గదిల యాదమ్మ పక్కన పోయి పండుకున్న. ఎవ్వరేమన్లే.”

ఫోన్ పెట్టేశాక లెక్క చూసుకున్నాను. ఆ గంటన్నరా ముందు వరసలో, రెండు మంచి చెవులతో, కూర్చున్నది నేను.

కాబట్టి, కెజియా గారికి, ఆవిడ తల్లిదండ్రులకు, గ్రేస్ మేడమ్‌కు, యాదమ్మకు, సదరు వార్షిక సంచిక సంపాదకులకు తెలియజేసుకునేది ఏమనగా: ఆరన్నది నేను. చెవుడు ఎవరికైనా ఉంటే అది పుస్తకం వెనక చిన్న అక్షరాలు చదవమన్న పిల్ల మాట వినని నాకు. ఇకమీదట అర్థం కానిదానికి తల ఊపననీ, నా నోటి తప్పుకు పరాయివాళ్ళ చెవులు అరువు తెచ్చుకోననీ, లిస్టులోంచి ఒక పిల్ల పేరు కొట్టేస్తుంటే కాకుల్ని లెక్కపెట్టననీ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం కావాలనే తెలుగులో చేస్తున్నాను. జపనీస్‌లో చేస్తే ఇంకేదైనా అయి కూర్చుంటుంది.